చెవి మిగిలిన నాణెం

మా దుకాణం మెట్ల కింద ఉంది. పై రెండంతస్తుల వాళ్ళు మా నెత్తి మీదుగానే ఎక్కుతారు, దిగుతారు. ఎడమ పక్క దర్జీ, ఎదురుగా చెప్పుల కొట్టు. దుకాణంలో ఒక బల్ల, మూడు కుర్చీలు, చిన్న త్రాసు, భూతద్దం, అరచెయ్యంత నల్లరాయి ముక్క ఉంటాయి. వెనక కర్టెన్. అది పాత దుప్పటి. దాని వెనక మా ఇల్లు.

బోర్డు మీద "పాత వెండి నాణేలు కొంటాం, అమ్ముతాం. అరిగినా పరవాలేదు. ధర న్యాయం" అని రాయించాను. ఇంకో రెండు మాటలు రాయించమని మా ఆవిడ అంది. బోర్డు రాసేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు. చాలన్నాను.

నేను కొనేవి చేతులు మారిన నాణేలు. పుట్టినప్పటి నుంచీ పెట్టెలో పడుకున్నవి నాకొద్దు. వాటి ధర వేరు, వాటిని కొనేవాళ్ళు వేరు. జేబుల్లో, గల్లాపెట్టెల్లో తిరిగి తిరిగి అరిగినవే నాకు పని. అరిగిన నాణేనికి ధర కట్టడం కష్టం కదా అంటారు. కష్టమేం లేదు. నాణెం మీద రాజుగారి తల ఉంటుంది. అరిగేటప్పుడు ముందు చెవి పోతుంది. తర్వాత కనుబొమ్మ. ముక్కు చాలాకాలం నిలుస్తుంది. చివరికి అదీ పోయి తల గుమ్మడికాయలా మిగులుతుంది.

నా బల్ల మీద మూడు సాసర్లున్నాయి. ఒకటి చెవి మిగిలినవాటికి, ఒకటి ముక్కు మాత్రమే మిగిలినవాటికి, ఒకటి గుమ్మడికాయలకి. గుమ్మడికాయకి వెండి తూకం ధర ఇస్తాను. ముక్కుకి దాని మీద పావు వంతు ఎక్కువ. చెవికి తూకానికి రెట్టింపు. అమ్మేటప్పుడు పదో వంతు వేసుకుంటాను. ముప్ఫై ఏళ్ళుగా ఇంతే. బేరం లేదు. బేరమాడాలంటే మాట్లాడాలి.

తోమిన నాణెం మటుకు ఎలా ఉన్నా గుమ్మడికాయే. ఒకాయన పన్నెండు నాణేలు పళ్ళపొడితో తోమి తెచ్చాడు. మనిషి ముఖం కనపడుతోంది వాటిలో, రాజుగారి ముఖం తప్ప. "ఎలా మెరుస్తున్నాయో చూడండి" అన్నాడు. మూడో సాసరు చూపించాను. ఇంకాస్త మెరవాలా అని సంచిలోంచి పళ్ళపొడి డబ్బా తీశాడు.

ముక్కూ చెవీ కంటితో చూసేవి. వెండి అవునా కాదా అనేది కంటితో తెలియదు. దానికి రాయి ఉంది. నాణేన్ని జానెడు ఎత్తు నుంచి రాయి మీద వెయ్యాలి. వెండి అయితే ఖణేల్మని మోగి, ఆ మోత కాసేపు సాగుతుంది. దొంగది అయితే టప్ మంటుంది, అంతే. నేను మూడో తరగతితో బడి మానేసి మా మేనమామ దుకాణంలో కూర్చున్నప్పుడు ఆయన నాకు నేర్పిన విద్య ఇదొక్కటే. అంకెలు అప్పటికే వచ్చు.

రెండేళ్ళ కిందట నాకు ఆ మోత వినపడటం మానేసింది. మనిషి మాట వినపడుతుంది. దర్జీ మిషను వినపడుతుంది. సన్నటి చప్పుళ్ళే పోయాయి. పిచ్చుకలు పోయాయి. కుక్కరు విజిల్ పోయింది. తర్వాత వెండి పోయింది. రాజుగారికీ నాకూ ఒకటే వరస, ముందు చెవి.

ఎవరికీ చెప్పలేదు. ఒక వారంలో మూడు దొంగనాణేలు కొన్నాను. మా ఆవిడ కర్టెన్ వెనక్కి నెట్టుకుని వచ్చి, సాసరులోంచి ఆ మూడింటినీ ఏరి నా ముందు పెట్టింది.

"ఇవెలా కొన్నావయ్యా?"

నేను మాట్లాడలేదు.

"మోత వినపడట్లేదా?"

దానికీ మాట్లాడలేదు.

"ఇప్పుడు నేనన్నది కూడా వినపడలేదా, లేక ఇది నీ మామూలేనా?"

మామూలే అన్నాను.

ఆ రోజే ఆమె ఒక పద్ధతి పెట్టింది. నేను నాణెం రాయి మీద వేస్తాను. ఆమె కర్టెన్ వెనక కూర్చుని కాజాలు కుట్టుకుంటూ వింటుంది. మంచిదైతే టీ సంగతి మాట్లాడుతుంది. చెడ్డదైతే మంచినీళ్ళ సంగతి. వచ్చినవాళ్ళు మర్యాద చేస్తున్నారనుకుంటారు. దుకాణం ఆ విధంగా రెండేళ్ళు నడిచింది. దొంగనాణెం తెచ్చిన ప్రతివాడూ మా ఇంట్లో మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. మంచి నాణెం తెచ్చినవాళ్ళకి టీ వచ్చేది కాదు. అడగడం వరకే. కొంతమంది చాలాసేపు చూసి లేచి వెళ్ళేవాళ్ళు.

ఈ పద్ధతి ఆమెకే నచ్చలేదు. చెవిలో పెట్టుకునే మిషను కొందామంది. వద్దన్నాను. చెవిలో మిషనుతో బల్ల ముందు కూర్చుంటే, నాణెం తియ్యకముందే జనం నా చెవి చూస్తారు. తన చెవి పోయినవాడు రాజుగారి చెవికి ధర కడుతున్నాడంటారు. ముప్ఫై ఏళ్ళలో ఈ బల్ల మీంచి ఒక్క చెడ్డ నాణెం బయటికి పోలేదు. నాకున్న ఆస్తి అదొక్కటే.

"నీ పరువు నీ దగ్గరుంచుకో. మిషను నేను కొంటాను" అంది. దర్జీ దగ్గర చొక్కాలకి కాజాలు కుడుతుంది ఆమె. చొక్కాకి ఆరు. ఆ డబ్బంతా ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి బీరువా మీద పెట్టేది. ఏడాదిన్నర వేసింది. అవి ఎన్ని చొక్కాలో నేను లెక్క కట్టలేదు. ఆమె చూపుడువేలు చూస్తే తెలుస్తుంది.

నేను చెప్పబోయే రోజుకి వారం ముందు నుంచి ఆ డబ్బా బీరువా మీద లేదు. నేను అడగలేదు.

ఆమెకి ఒక తమ్ముడున్నాడు. వాణ్ణి అందరూ సగంధర అంటారు. లోకంలో ఏ వస్తువైనా తనకి సగం ధరకే వస్తుందంటాడు. వస్తుంది కూడా. సగమే పనిచేస్తుంది. ఒకసారి రెండు వందల గొడుగులు తెచ్చాడు. తెరుచుకుంటాయి, మూసుకోవు. మాకొకటి ఇచ్చాడు. అది గుమ్మంలోంచి లోపలికి రాలేదు. దర్జీ తన దుకాణం ముందు నీడకి కట్టుకున్నాడు, ఇప్పటికీ ఉంది. వాడికి నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోతే మా ఆవిడే పెంచింది. వాడి గురించి నేను నోరు తెరిచేలోపలే "నాకున్నది ఒక్క తమ్ముడు" అంటుంది. నేను నోరు మూసుకుంటాను. నాకది కష్టం కాదు.

ఇంకొకాయన ఉన్నాడు. వీధి చివర రేడియోలు బాగుచేస్తాడు. ఆయన్ని రేడియో అనే పిలుస్తాం. ఇరవై ఏళ్ళుగా మధ్యాహ్నం పూట వచ్చి నా మూడో కుర్చీలో కూర్చుంటాడు. కళ్ళు మూసుకుంటాడు. నిద్రపోతున్నాడని నేననుకునేవాణ్ణి. ఆ నాణేల రాజుగారు పాతికేళ్ళు ఏలాడు. ఏడాదికొక అచ్చు. ఏ ఏడుదో నాణెం వెనక అంకె ఉంటుంది. రేడియో దగ్గర ఇరవై నాలుగు ఏళ్ళవీ ఉన్నాయి, అన్నీ చెవి మిగిలినవి, అన్నీ నా దగ్గర కొన్నవే. పద్నాలుగో ఏడుది లేదు. ఆ ఏడు టంకశాలలో అచ్చు విరిగిందంటారు. తక్కువ కొట్టారు. ఆయన దాని కోసం వెతకడం మొదలుపెట్టిన ఈ పదకొండేళ్ళలో నా బల్ల మీదికి రెండే వచ్చాయి. రెండూ గుమ్మడికాయలు. దాని కోసం రేడియో చొక్కా జేబులో ఒక పొట్లం పెట్టుకు తిరుగుతాడు. అందులో నోట్లు మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంటాయి.

ఆ రోజు రేడియో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సగంధర వచ్చాడు. చేతిలో ఒక మేజోడు, నిండుగా. ఉతికినది కాదు.

"బావా! నీ దశ తిరిగింది" అన్నాడు.

నేను చూశాను.

"అక్కా! బావ సంతోషించాడే!"

"నీకెలా తెలుసురా?" అని కర్టెన్ లోపలి నుంచి మా ఆవిడ.

"వద్దు పొమ్మనలేదుగా."

మేజోడు బల్ల మీద బోర్లించాడు. నలభై నాణేలు. నల్లగా, అరిగి, నా బల్ల మీదికి రావలసినట్టే ఉన్నాయి. ఎక్కడో పాత ఇల్లు కూలగొడుతుంటే గోడలో దొరికాయట. కూలగొట్టించేవాడు బస్టాండులో అమ్ముతున్నాడట. వీడికి సగం ధరకి ఇచ్చాడట.

"నువ్వు మీ న్యాయం ధరే ఇవ్వు బావా. ఒక్క కానీ ఎక్కువొద్దు. చెవి ఉంది చూడు, ఒక్కోదానికి. తూకానికి రెట్టింపు. నాకు తెలుసుగా మీ లెక్క."

ఒకటి తీసి తిప్పాను. పద్నాలుగు. ఇంకోటి తిప్పాను. పద్నాలుగు.

రేడియో కళ్ళు తెరిచాడు. జేబులోంచి పొట్లం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

మొదటి నాణేన్ని రాయి మీద వేశాను. అది రాయి మీద పడటం చూశాను, నాకు తెలిసింది అంతే. మా ఆవిడ మామూలుగా వెంటనే అంటుంది. ఈసారి ఆలస్యమైంది. లోపల కత్తెర కింద పడ్డ చప్పుడైంది. అది నాకు వినపడింది, పెద్ద కత్తెర.

"టీ పెట్టనా?" అంది.

సగంధర ఊపిరి వదిలాడు. వాడు అప్పటిదాకా కర్టెన్ వంకే చూస్తున్నాడని అప్పుడు గమనించాను. వాళ్ళక్క వాడికి అన్నీ చెబుతుంది. మా పద్ధతి కూడా చెప్పి ఉంటుంది.

రెండోది వేశాను.

"పంచదార ఎంత వెయ్యను?"

మూడోది.

"పాలు పొద్దుటివే ఉన్నాయి. పరవాలేదుగా?"

నాలుగోది.

"గ్లాసులో పొయ్యనా, కప్పులో పొయ్యనా?"

"అక్కా, ఒక్క టీకి ఇన్ని ప్రశ్నలా? దేంట్లోనో ఒక దాంట్లో పొయ్యవే" అన్నాడు సగంధర. వాడి ముఖం వెలిగిపోతోంది. "బావా, ఇంకా ఎందుకు ఒక్కోటీ? లెక్కపెట్టేద్దాం."

ఐదోది వేశాను. ఈసారి ఆమె చాలాసేపు వెతుక్కుంది. టీలో ఇంక అడగడానికేం మిగల్లేదు.

"స్టవ్ వెలిగించాను" అంది.

స్టవ్ వెలిగిస్తే నాకు వాసన వస్తుంది. రాలేదు.

ఐదింటినీ వరసగా పెట్టి భూతద్దం తీశాను. మొదటి నాణెం మీద రాజుగారి చెవి తమ్మె దగ్గర నుంచి దవడ దాకా వెంట్రుకంత గీత ఉంది. అరిగిన నాణెం మీద గీతలుంటాయి, వింతేం లేదు. రెండోదాని మీదా ఉంది. అక్కడే. మూడోదాని మీదా అక్కడే, అంతే పొడుగు. కుప్పలోంచి ఇంకో నాలుగు తీసి చూశాను, వాటి మీదా అంతే. నాణేలు మనుషుల్లాంటివి, ఏది ఎక్కడ దెబ్బ తింటుందో చెప్పలేం. నలభై నాణేలు నలభై జేబుల్లో తిరిగి అన్నీ ఒకే చోట దెబ్బ తిన్నాయంటే అవి తిరగలేదన్నమాట. ఎవడో ఒక్క మంచి నాణెం సంపాదించి, దానికి అచ్చు తీసి, సీసం పోశాడు. గీతతో సహా పోశాడు. పోతపనిలో అదే చిక్కు, దాచుకోవాల్సింది కూడా వచ్చేస్తుంది.

నాకు చెవి లేకపోయినా కన్నుంది. ఆమెకి చెవి బాగానే ఉంది. మరి టీ అని ఎందుకంటోంది?

బీరువా మీద లేని డబ్బా గుర్తొచ్చింది.

సగంధర సగం ధరకి కొన్నాడు. ఆ సగం వాడి దగ్గర ఎప్పుడూ ఉండదు. ఏడాదిన్నర కాజాలు ఆ మేజోడులో వచ్చి నా బల్ల మీద పడ్డాయి. మొదటి నాణెం టప్ మనగానే ఆమెకి తెలిసిపోయింది. మంచినీళ్ళు అనాలి. అంటే డబ్బా పోయినట్టు, తమ్ముడు మోసపోయినట్టు, తను నాకు చెప్పకుండా ఇచ్చినట్టు. నోట్లోంచి టీ వచ్చింది. ఒకసారి టీ అన్నాక రెండోసారి పంచదార అనక తప్పదు.

నేనింకా చూస్తుండగానే రేడియో లేచాడు. పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. చెయ్యి చాపాడు, ఐదింటిలో ఒక నాణెం కోసం. ఆయన నా దగ్గర కొన్న ఇరవై నాలుగింటిలో ఒక్కదాన్నీ రాయి మీద వేసి చూసుకోలేదు. నేనిస్తే చాలు ఆయనకి.

నాణేల మీద నా అరచెయ్యి పెట్టాను.

"ఇవి చెడ్డవి" అన్నాను.

దర్జీ మిషను ఆగింది. మధ్య గోడ పలచన.

"చెడ్డవేంటి బావా!" సగంధర కుర్చీలోంచి లేచాడు. "అక్క ఐదు సార్లు టీ అంది కదా! టీ అన్నాక చెడ్డవెలా అవుతాయి? అక్కా, చెప్పవే! నువ్వు విన్నావు కదా!"

కర్టెన్ కదల్లేదు. దాని వెనక ఆమె నిలబడి ఉంది. చెప్పాను కదా, అది పాత దుప్పటి, మనిషి ఆకారం కనపడుతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

రేడియో వేళ్ళు ఇంకా నా అరచెయ్యి కిందే ఉన్నాయి. ఆయన నా వంక చూస్తున్నాడు. టీకీ నాణేనికీ సంబంధమేంటని అడుగుతాడు. అడిగితే నేను చెప్పాలి. ఆమె అబద్ధం ఆడిందని చెప్పాలి, లేదా ఇంకేదైనా చెప్పాలి. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. ఆ పూట మాట్లాడాను.

"నాకు చెవి వినపడదు" అన్నాను. "రెండేళ్ళయింది. రాయి మీద వేస్తాను గానీ నాకేం తెలియదు. ఆవిడ విని చెబుతుంది. ఇందులో ఆవిడ తప్పు లేదు. ఈ కర్టెన్ మందం. దాంట్లోంచి ఎవరికీ సరిగ్గా వినపడదు."

రేడియో కర్టెన్ వంక చూశాడు. దాంట్లోంచి మా పెరటి కిటికీ, కిటికీలోంచి పక్కింటి గోడ, గోడ మీద పిల్లి కూడా కనపడుతున్నాయి.

"అవును. మందమే" అన్నాడు.

తర్వాత కూర్చుని, పొట్లం మళ్ళీ మడిచి, జేబులో పెట్టుకుని, గొంతు పెంచాడు.

"చెల్లెమ్మా! టీ వద్దులే తల్లీ. కాసిని మంచినీళ్ళిప్పించు."

పై అంతస్తు వాళ్ళెవరో మెట్లు దిగారు.

"నీకు తెలుసా?" అన్నాను.

"వీధంతటికీ తెలుసు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగావు రెండేళ్ళు. చెప్పుల కొట్టువాడైతే మంచినీళ్ళ గ్లాసు రావడం చూసి పందెం కూడా కాస్తాడు. నేను కళ్ళు మూసుకునేది నిద్రకనుకున్నావా? ఆ మోత వినడానికే వస్తాను. రోజంతా రేడియోల గరగర విన్న చెవికి అది మందు."

"మరి ఇవి?"

"మొదటిదే టప్ మంది. చెల్లెమ్మ టీ అంటోంది, నువ్వు పలకట్లేదు. ఇంటి గొడవలా ఉంది, మనకెందుకని ఊరుకున్నా. సరే, ఒకటి కొని జేబులో వేసుకుంటే అందరి మాటా దక్కుతుంది కదా అనుకున్నా."

"పదకొండేళ్ళు దాచిన డబ్బు."

"అవును. నీ చెయ్యి కాస్త ఆలస్యమైతే పోయేది. ఎంత బిగించి పెట్టావయ్యా, నా వేళ్ళు నలిగాయి."

కర్టెన్ తొలగింది. మా ఆవిడ ఒక పళ్ళెంలో మూడు గ్లాసులు తెచ్చింది. మంచినీళ్ళు. రేడియోకి ఒకటిచ్చింది. నాకొకటిచ్చింది. మూడోది తీసుకెళ్ళి తమ్ముడి ముందు పెట్టింది.

సగంధర ఆ గ్లాసు వంక చూశాడు. పద్ధతి వాడికి తెలుసు.

"అక్కా..."

"తాగరా."

"ఇప్పటిదాకా టీ అన్నావు కదే."

"అన్నాను. తాగు."

తాగాడు. గ్లాసు కింద పెట్టి నా వంక తిరిగాడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి, అవి మేమిచ్చినవి కాదు.

"నేనూ మోగించి చూశాకే కొన్నాను బావా. ఒట్టు."

"ఎక్కడ?"

"బస్టాండులోనే. అరుగు మీద వేసి చూశాను."

"మోగిందా?"

కొంచెంసేపు ఆలోచించాడు. "ఏదో మోగింది" అన్నాడు.

ఒక నాణేన్ని త్రాసులో వేశాను. సీసానికి పాత సామాన్ల కొట్టులో ఏం ధర ఇస్తారో నాకు తెలుసు. ఆ ధర వాడి చేతిలో పెట్టాను. అరచేతిలో ఉందా లేదా అని వాడు వంగి చూసుకోవాల్సి వచ్చింది. న్యాయమైన ధరే. ఒకటి చాలు నాకు. మిగిలిన ముప్ఫై తొమ్మిదీ దగ్గరకి లాక్కుని రేకు కత్తెర తీశాను.

"అయ్యో, కొయ్యకు బావా! అలా కోస్తే ఇంకెవరూ కొనరు!"

"అందుకే" అన్నాను.

ప్రతిదానికీ అంచు మీద ఒక కోత పెట్టాను. సీసం మెత్తన, సులువుగానే తెగింది. రేడియో వాటిని మేజోడులోకి ఎత్తి సాయం చేశాడు, ముక్కు పక్కకి తిప్పుకుని. సగంధర మేజోడు పట్టుకుని బస్టాండుకి పరిగెత్తాడు. కూలగొట్టించేవాడు అక్కడ లేడు. ఊళ్ళో కూలిన ఇల్లు కూడా ఏదీ లేదట.

ఆ సాయంత్రం నేను సాసర్లు సర్దుతుంటే మా ఆవిడ వచ్చి సగంధర కూర్చున్న కుర్చీలో కూర్చుంది.

"ఆ డబ్బాలో డబ్బు నేనే ఇచ్చాను" అంది.

"వినపడలేదు" అన్నాను.

"వాడు నెల తిరక్కుండా రెట్టింపు చేసిస్తానన్నాడు. ఇంకో ఏడాది కుట్టకుండా మిషను వచ్చేస్తుంది కదా అనుకున్నాను."

"వినపడలేదు."

మూడోసారి గట్టిగా చెప్పింది. దర్జీ "పోనీలే అమ్మా, జరిగిందేదో జరిగింది" అన్నాడు గోడ అవతలి నుంచి. నేను సాసర్లు సర్దుకుంటున్నాను. ఆమె లేచి, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళింది. అది మటుకు బాగా వినపడింది.

రేడియో పది రోజులు కూర్చుని పాత రేడియో సామానుతో నాకొక చెవి మిషను చేసి తెచ్చాడు. సబ్బుపెట్టంత ఉంది. మెడలో వేసుకుని నాణేన్ని రాయి మీద వేస్తే వార్తలు వచ్చాయి. తిరిగి ఇచ్చేశాను. మోత కోసం ఇంకా రోజూ వస్తాడు. పద్నాలుగో ఏడుది ఇంకా దొరకలేదు.

వీధంతటికీ తెలిసిన రహస్యానికి కర్టెన్ దండగ అని మా ఆవిడ దాన్ని తీసి ఉతికి దుప్పటి చేసేసింది. కుర్చీ తెచ్చుకుని బల్ల ఇవతల నా పక్కనే కూర్చుంటోంది. నేను ముక్కూ చెవీ చూస్తాను, ఆమె మోత వింటుంది. మంచిదైతే మంచిదని, చెడ్డదైతే చెడ్డదని ముఖం మీదే చెబుతుంది. ఇప్పుడు ఎవరికీ టీ లేదు, మంచినీళ్ళూ లేవు. జనం రావడం తగ్గలేదు. దొంగనాణేలు రావడం తగ్గింది.

సగంధర దర్జీ దగ్గర గుండీలు కుడుతున్నాడు. డబ్బా నిండేదాకా కుట్టాలని వాళ్ళక్క కూర్చోబెట్టింది. సగం గుండీలు ఊడిపోతున్నాయని దర్జీ అంటున్నాడు. డబ్బా బీరువా మీదికి మళ్ళీ వచ్చింది. ఊపి చూస్తే పెద్దగా ఏం వినపడదు, అయినా నాకు వినపడదు కాబట్టి చెప్పలేను.

నేను కొన్న ఆ ఒక్క నాణెం బల్ల సొరుగులో ఉంది. పొద్దున దుకాణం తెరవగానే ముందు దాన్ని తీసి రాయి మీద వేస్తాను. మా మేనమామ కూడా ఒక చెడ్డ నాణెం అలాగే ఉంచుకునేవాడు. పొద్దున్నే చెడ్డ మోత ఒకటి వింటే ఆ రోజంతా చెవి దారి తప్పదనేవాడు.

"చెడ్డది" అంటుంది మా ఆవిడ.

మళ్ళీ సొరుగులో పెడతాను. తర్వాత పని మొదలుపెడతాం.

నిన్న పొద్దున కూడా వేశాను.

"చెడ్డది" అంది. తర్వాత సూదిలో దారం ఎక్కిస్తూ, "ఇంకెన్నాళ్ళయ్యా నాతో ఇలా అనిపించడం?" అంది.

"నీ చెవి సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలిగా."

"నా చెవికేం, బాగానే ఉంది." దారం కొస పళ్ళతో కొరికింది. "ఆ రోజు కూడా బాగానే ఉంది."

"వినపడలేదు" అన్నాను.